కుక్కకు, పిల్లికి ఆక్యుపంక్చర్: ఎప్పుడు చేయించాలి, అంతకన్నా ముందు ఏం చేయాలి?

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇది చదివేవాళ్లలో చాలామంది ఇంట్లో ఇప్పుడే ఒక జంతువు నొప్పితో ఉండి ఉంటుంది, వాళ్లకు చివరిదాకా ఆగే ఓపిక ఉండదు. కీళ్లనొప్పులున్న ముసలి కుక్కకు, వెన్నులో డిస్క్ జారి వెనక కాళ్లు బలహీనపడ్డ కుక్కకు ఆక్యుపంక్చర్ (సన్నటి సూదులు గుచ్చే వైద్యం) ప్రయత్నించి చూడొచ్చు. అయితే అది మొదటి వైద్యం కాదు. జబ్బేమిటో తేల్చుకోవడం, బరువు తగ్గించడం, సరైన నొప్పి మందు, ఇంట్లో జారే నేలకు ఏదో ఒక ఏర్పాటు, ఇవన్నీ అయ్యాక వాటికి తోడుగా చేయించాల్సినది. ఫిట్స్, కిడ్నీ జబ్బు, చర్మ అలర్జీ, క్యాన్సర్ లాంటివాటికి సూదుల మీద ఆశ పెట్టుకుని అసలు వైద్యం ఆపడాన్ని మాత్రం నేను ఎంతమాత్రం ఒప్పుకోను.

ఎందుకిలా అంటున్నానో కాస్త వివరంగా చెబుతాను.

కుంటుతోంది సరే, ఎందుకు?

కుక్క కుంటుతోందనగానే 'వయసైపోయింది, కీళ్లవాతం' అనేస్తాం. మన ఊళ్లలో ఈ తీర్పు చాలాసార్లు తప్పవుతుంది. హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా గోమార్లు (పిడుదులు) పట్టని కుక్క అరుదు. వాటి వల్ల వచ్చే ఎర్లీకియా అనే టిక్ ఫీవర్ కీళ్లను వాచేలా చేస్తుంది. కుక్క ఒకరోజు ముందు కాలు ఎత్తుతుంది, ఇంకోరోజు వెనక కాలు. దానికి రక్తపరీక్ష, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు కావాలి. కోర్సు సాధారణంగా 28 రోజులు. సూదులు దాన్ని తగ్గించవు. పైగా టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ప్లేట్‌లెట్లు తక్కువున్న కుక్కకు సూదులు గుచ్చితే రక్తం ఆగడం కష్టమవుతుంది. మన దగ్గర ఆక్యుపంక్చర్ మొదలుపెట్టే ముందు ఒక సీబీసీ (రక్తకణాలను లెక్కపెట్టే పరీక్ష) చేయించమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. దానికయ్యే ఖర్చు ఒక సిట్టింగ్ ఖర్చు కన్నా తక్కువే ఉంటుంది.

పెద్ద జాతి కుక్కల్లో వెనక కాలు కుంటితే మోకాలి లిగమెంట్ తెగిందేమో చూడాలి. తెగిన లిగమెంట్‌తో మోకాలు లోపల ఊగుతూనే ఉంటుంది. దాన్ని నిలబెట్టేది సర్జరీయే. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వీలర్ అయితే తుంటి కీలు సరిగా అమరని హిప్ డిస్‌ప్లేసియా ఉండొచ్చు. డాక్స్‌హండ్, పగ్, బీగిల్, షిట్జు, ఫ్రెంచ్ బుల్‌డాగ్ అయితే అనుమానం ముందు వెన్ను డిస్క్ మీదికి వెళ్లాలి. ఇంకొకటి, ముసలి పెద్ద కుక్కల్లో నొప్పి లేకుండా నెమ్మదిగా వెనక కాళ్లు పడిపోయే డీజెనరేటివ్ మైలోపతీ. దాన్ని ఆపే వైద్యం ఏదీ లేదు, ఆక్యుపంక్చర్ కూడా ఆపలేదు. ఫిజియోథెరపీతో నడక కొంతకాలం నిలబెట్టుకోవచ్చు.

ఇవన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. అందుకే మొదటి డబ్బు డాక్టర్ చేతి పరీక్షకు, రక్తపరీక్షకు, ఎక్స్‌రేకు పెట్టండి. ప్రైవేటు క్లినిక్‌లో ఖర్చు భారమనిపిస్తే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. అక్కడ సర్జరీ, మెడిసిన్ విభాగాల ప్రొఫెసర్లే చూస్తారు. క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి.

సూది ఏం చేస్తుంది

చైనాలో జంతువులకు సూదుల వైద్యం పాతదే, కానీ అది ఎక్కువగా గుర్రాలకు, పశువులకు చేసేవాళ్లు. ఇప్పుడు కుక్కలకు వాడుతున్న బిందువుల (సూది గుచ్చే చోట్ల) పటాలు చాలావరకు మనిషి శరీరం మీది బిందువులను కుక్క శరీరం మీదికి తెచ్చి పెట్టినవి. అమెరికాలో దీని మీద ఆసక్తి 1972లో నిక్సన్ చైనా పర్యటన తర్వాత బాగా పెరిగింది. పశువైద్య ఆక్యుపంక్చర్ అంతర్జాతీయ సంఘం ఐవాస్ 1974లో ఏర్పడింది. 'వేల ఏళ్ల నాటి కుక్కల వైద్యం' అని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గుర్రానికి పిత్తాశయమే ఉండదు, అయినా పటాల్లో గుర్రం ఒంటి మీద పిత్తాశయ మార్గం గీసి ఉంటుంది. ఇలాంటి మార్గాల్లో శక్తి ప్రవహిస్తుందనే సిద్ధాంతాన్ని నేను నమ్మకపోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అలాగని సూది శరీరంలో ఏమీ చేయదనుకోవడం కూడా తప్పే. సన్నటి సూది కండరంలో దిగినప్పుడు అక్కడి నాడులు మేల్కొంటాయి, వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతాలు కొంత అణుగుతాయి, శరీరం తన సొంత నొప్పి నివారణ పదార్థాలు ఎండార్ఫిన్లను వదులుతుంది. ఎలుకల్లో చేసిన ఒక ప్రయోగంలో సూది గుచ్చిన చోట అడినోసిన్ అనే పదార్థం పెరిగి నొప్పి తగ్గడం చూశారు. అది 2010లో నేచర్ న్యూరోసైన్స్‌లో వచ్చింది. అంటే నొప్పి విషయంలో పనిచేయడానికి ఒక దారి ఉంది. కిడ్నీని బాగుచేయడానికి అలాంటి దారి ఏదీ ఎవరూ చూపించలేదు.

పద్ధతులు కొన్ని ఉన్నాయి. మామూలు సూదులు పావుగంట నుంచి అరగంట దాకా ఉంచుతారు. ఎలక్ట్రో ఆక్యుపంక్చర్‌లో సూదులకు చిన్న క్లిప్పులు పెట్టి తక్కువ కరెంటు పంపుతారు, కండరం సన్నగా అదరడం కంటికి కనిపిస్తుంది. కదలకుండా పడుకోలేని కుక్కలకు ఆ బిందువుల్లో బీ12 లాంటి ద్రవాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చేస్తారు, అది నిమిషాల్లో అయిపోతుంది. లేజర్ కాంతితో చేసేదీ ఉంది. చాలా కుక్కలు మొదటి సూదులకు కాస్త ఉలిక్కిపడి తర్వాత నిద్రలోకి జారుకుంటాయి. 'నా కుక్కను హింసిస్తున్నానా' అన్న టెన్షన్ ఆ విషయంలో అక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట. పల్లెల్లో కుంటి ఎద్దుకు వాతలు పెట్టడం ఇంకా కొన్నిచోట్ల ఉంది. 'అదీ ఇదీ ఒకటే, మన పెద్దలకు ముందే తెలుసు' అనేవాళ్లున్నారు. ఒకటి కాదు. కాల్చిన ఇనుముతో చర్మం కాల్చడం పశువుకు కొత్త గాయం, కొత్త నొప్పి. దాన్ని ఏ పేరుతోనూ వెనకేసుకు రాకూడదు.

పరిశోధనలు చెప్పేది

ఈ భాగం కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే నిర్ణయం దీని మీదే ఆధారపడుతుంది.

2006లో హబాకర్, పిట్లర్, ఎర్న్‌స్ట్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా జంతువుల మీద జరిగిన ఆక్యుపంక్చర్ అధ్యయనాలన్నిటినీ ఒకచోట పెట్టి జల్లెడ పట్టారు. యాదృచ్ఛికంగా గుంపులు విడదీసి చేసినవి 14, అలా విడదీయకుండా పోల్చినవి 17 దొరికాయి. వాళ్లు తేల్చింది ఇదీ: ఏ జబ్బుకైనా ఆక్యుపంక్చర్ చేయించమని చెప్పడానికీ, వద్దని చెప్పడానికీ సరిపడా బలమైన ఆధారం లేదు. అధ్యయనాల్లో చాలావాటి నాణ్యత తక్కువ. చర్మం నొప్పి, విరేచనాలు లాంటి కొన్ని విషయాల్లో మాత్రం ఆశాజనకమైన ఫలితాలున్నాయి, ఇంకా పరిశోధించాలి అన్నారు.

కీళ్లనొప్పి సంగతి చూస్తే ఫలితాలు ఒకదానికొకటి పొసగవు. మోచేతి కీళ్లవాతం ఉన్న 9 కుక్కలకు ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ చేసి, కాలు మోపే బలాన్ని కొలిచే పలక మీద నడిపించారు. 2006లో వచ్చిన ఆ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తుంటి దగ్గరి బిందువుల్లో బంగారపు తీగ ముక్కలు శాశ్వతంగా పెట్టే పద్ధతిని ఫిన్లాండ్‌లో 38 కుక్కల మీద పరీక్షించారు. బంగారం పెట్టిన కుక్కలూ బాగుపడ్డాయి, పెట్టినట్టు నటించిన కుక్కలూ బాగుపడ్డాయి, రెండింటికీ తేడా లేదు. నార్వేలో 78 కుక్కల మీద బంగారు పూసలతో చేసిన అధ్యయనంలో మాత్రం బంగారం పెట్టిన గుంపు మెరుగ్గా ఉందని తేలింది. రెండూ జాగ్రత్తగా చేసినవే. నేనైతే శరీరంలో శాశ్వతంగా లోహం మిగిలిపోయే ఈ పద్ధతి జోలికి వెళ్లను. తీసేస్తే పోయే సూదితో ప్రయత్నించగలిగినప్పుడు దాని అవసరం కనిపించదు.

డిస్క్ జబ్బులో ఫలితాలు ఇంతకన్నా బాగున్నాయి. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో డిస్క్ సమస్య ఉన్న 50 కుక్కలను తీసుకున్నారు. మందులు మాత్రమే ఇచ్చిన గుంపు కన్నా, మందులతో పాటు ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ చేసిన గుంపు త్వరగా లేచి నడిచింది. కాళ్లు బాగా దెబ్బతిన్న కుక్కల్లో సూదులు జోడించిన గుంపుకు సగటున సుమారు 10 రోజులు, మందులు మాత్రమే ఇచ్చిన గుంపుకు సుమారు 21 రోజులు పట్టింది. గమనించండి, మందులు ఆపి సూదులు గుచ్చలేదు, మందులకు సూదులు జోడించారు. 2010లో బ్రెజిల్ నుంచి వచ్చిన ఇంకో అధ్యయనంలో చాలాకాలంగా తీవ్రంగా కాళ్లు పడిపోయిన 40 కుక్కలను పోల్చారు. ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ చేసిన 19లో 15, సర్జరీ మాత్రమే అయిన 10లో 4, రెండూ చేసిన 11లో 8 బాగుపడ్డాయి. సూదులవాళ్లు ఈ లెక్కను తరచుగా చూపిస్తారు. కానీ ఇక్కడ కుక్కలను చీటీలు తీసి గుంపులుగా విడదీయలేదు, సర్జరీ గుంపు వివరాలు పాత రికార్డుల నుంచి తీసుకున్నారు. కాబట్టి 'సర్జరీ కన్నా సూదులే మేలు' అని దీన్ని బట్టి తేల్చడం కుదరదు.

'మా కుక్కకు తగ్గింది, నేను కళ్లారా చూశాను'

జంతువుకు నమ్మకం ఉండదు కాబట్టి ప్లసీబో (నమ్మకం వల్లే తగ్గినట్టు అనిపించడం) ఉండదు, తగ్గిందంటే నిజంగా తగ్గినట్టే. ఈ వాదన ఎక్కడికెళ్లినా వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ కుక్కకు నమ్మకం లేకపోయినా చూసే మనకు ఉంటుంది. 2012లో కాన్జెమియస్, ఎవాన్స్ అనే ఇద్దరు, కీళ్లవాతంతో కుంటుతూ ఉత్తుత్తి మాత్ర పొందిన 58 కుక్కల వివరాలు పరిశీలించారు. పలక మీద కొలిస్తే కాలి బలం మెరుగుపడకపోయినా, సగానికి పైగా సందర్భాల్లో యజమానులకు కుక్క బాగుపడినట్టే కనిపించింది. డాక్టర్లు కూడా దాదాపు నలభై శాతం సందర్భాల్లో అలాగే పొరబడ్డారు.

దీనికి ప్రేమ ఒక కారణం. కీళ్లనొప్పి స్వభావం ఇంకో కారణం. అది రోజుకోలా ఉంటుంది. బాగా ముదిరిన రోజున మనం డాక్టర్ దగ్గరికి పరుగెడతాం. ఏమీ చేయకపోయినా రెండు మూడు రోజుల్లో కొంత దానంతటదే నెమ్మదించేది. ఆ మంచి పేరు అప్పుడు చేయించినదానికి వెళ్తుంది. మాత్రలకైనా, సూదులకైనా, లేహ్యాలకైనా ఇదే వర్తిస్తుంది. అందుకే కొలిచే పద్ధతి ముఖ్యం, దాని సంగతి తర్వాత చెబుతాను.

మిగతా వైద్యాల పక్కన పెట్టి చూస్తే

బరువు తగ్గించడానికి ఉన్నంత ఆధారం ఆక్యుపంక్చర్‌కు లేదు, మిగతా చాలావాటికీ లేదు. 48 లాబ్రడార్లను పిల్లలప్పటి నుంచి చనిపోయేదాకా గమనించిన అధ్యయనం ఒకటుంది, 2002లో ప్రచురించారు. వాటిని జంటలుగా విడదీసి, జంటలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి మధ్యగత లెక్కన 13 ఏళ్లు బతికాయి, ఎక్కువ తిన్నవి 11.2 ఏళ్లు. కీళ్లవాతం కూడా తక్కువ తిన్నవాటిలో ఆలస్యంగా వచ్చింది. ఇప్పటికే కుంటుతున్న లావు కుక్కల్లో శరీర బరువులో 6 శాతం పైన తగ్గగానే నడకలో తేడా కనిపించిందని 2010లో ఇంకో అధ్యయనం చెప్పింది. 40 కిలోల కుక్కకు అది రెండున్నర కిలోలు.

మన ఇళ్లలో ఇది కష్టం, ఒప్పుకుంటాను. పెరుగన్నం, చపాతీ ముక్క, టీతో పాటు రెండు మారీ బిస్కెట్లు, తాతయ్య చేతి నుంచి వడ ముక్క, పిల్లల ప్లేట్లో మిగిలిన బిర్యానీ. ఎవరూ ఎక్కువ పెట్టలేదు, అందరూ కొంచెం కొంచెం పెట్టారు. రోజుకు పెట్టే తిండిని ఒకరే కొలిచి పెట్టడం, మిగతావాళ్లు చెయ్యి ఆడించకపోవడం మొదటి చికిత్స. కుక్క పక్కటెముకలు చేత్తో తడిమితే సులువుగా తగలాలి. తగలకపోతే ఆక్యుపంక్చర్ అపాయింట్‌మెంట్ రెండు నెలలు వాయిదా వేసి ముందు ఈ పని చేయండి.

నొప్పి మాత్రల్లో కుక్కల కోసం వచ్చిన కార్ప్రోఫెన్, మెలాక్సికామ్, ఫిరోకాక్సిబ్ లాంటివి కీళ్లవాతానికి మొదటి వరుసలో ఉన్నవి. పనితనం మీద ఆధారం గట్టిది, ఖర్చూ మోయగలిగినదే. మొదలుపెట్టే ముందు, తర్వాత కొన్ని నెలలకొకసారి లివర్, కిడ్నీ పరీక్షలు చేయించాలి. వాంతులు, తిండి మానేయడం, నల్లగా తారులా విరేచనం కనిపిస్తే మాత్ర ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయాలి. స్టెరాయిడ్‌తో కలిపి ఇవ్వకూడదు. ఇంట్లో ఉన్న ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకు వేయొద్దు, కడుపులో పుండ్లు పడి ప్రాణం మీదికి వస్తుంది. పిల్లికి పారాసిటమాల్ సగం మాత్ర కూడా ప్రాణాంతకం. ఈ ముక్క ఇంట్లో పనివాళ్లతో సహా అందరికీ చెప్పి ఉంచండి.

ఆక్యుపంక్చర్‌కు సరైన చోటు ఇక్కడే మొదలవుతుంది. లివర్, కిడ్నీలు దెబ్బతిని ఈ మాత్రలు వాడలేని కుక్క, లేదా మాత్ర వాడుతున్నా ఇంకా నొప్పితో ఉన్న కుక్క. వీటికి గబాపెంటిన్ లాంటి మందులతో పాటు సూదులు జోడించడం సబబైన పని. మనుషుల గబాపెంటిన్ సిరప్‌లలో కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కకు విషం. డాక్టర్ రాసిన మాత్ర రూపమే వాడండి.

అమెరికా, యూరప్‌లలో ఉన్న తెలుగువాళ్లకు ఇంకో దారి ఉంది. నెలకొక ఇంజెక్షన్‌తో నొప్పి సంకేతాన్ని అడ్డుకునే బెడిన్‌వెట్‌మాబ్ (లిబ్రెలా) కుక్కలకు, ఫ్రునెవెట్‌మాబ్ (సొలెన్సియా) పిల్లులకు. అమెరికాలో పిల్లుల మందుకు 2022లో, కుక్కల మందుకు 2023లో అనుమతి వచ్చింది. చాలా కుక్కలకు బాగా పనిచేసింది. అయితే మూర్ఛలు, నడక తూలడం లాంటివి వచ్చిన కేసుల గురించి 2024 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డాక్టర్లకు లేఖ రాసింది. నరాల జబ్బు ఉన్న కుక్కకు ఇది మొదలుపెట్టే ముందు డాక్టర్‌తో ఆ లేఖ సంగతి మాట్లాడండి.

గ్లూకోసమిన్ డబ్బాల మీద మన వాళ్లు పెడుతున్న డబ్బు చూస్తే బాధేస్తుంది. మాంట్రియల్ పరిశోధకులు 2022లో అధ్యయనాలన్నీ కలిపి చూస్తే చేపనూనెలోని ఒమేగా-3కి నొప్పి తగ్గించే ప్రభావం కనిపించింది, గ్లూకోసమిన్-కాండ్రాయిటిన్‌కు కనిపించలేదు. ఆ డబ్బుతో ఒమేగా-3 కొనండి.

ఫిజియోథెరపీ, ఆక్యుపంక్చర్ రెండింట్లో ఒకటే చేయించగలిగితే నేను ఫిజియో వైపే ఉంటాను. నొప్పి వల్ల కుక్క కాలు వాడదు, వాడకపోతే కండ కరిగిపోతుంది, కండ కరిగితే కీలు మీద భారం పెరిగి నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. సూదితో నొప్పి తగ్గినా పోయిన కండ తిరిగి రాదు, వ్యాయామంతోనే రావాలి. డాక్టర్ ఒకసారి నేర్పిస్తే చాలావరకు ఇంట్లోనే చేయించొచ్చు: కూర్చోబెట్టి లేపడం, నేల మీద చీపురు కర్రలు పరిచి మెల్లగా దాటించడం, కొద్దిపాటి ఎత్తు మీదికి నెమ్మదిగా నడిపించడం. నీళ్లలో నడిపించే ట్రెడ్‌మిల్ పెద్ద నగరాల్లోనే దొరుకుతుంది, ఉంటే మంచిదే.

ఇక నేల. మన అపార్ట్‌మెంట్లలో నున్నటి టైల్స్, మార్బుల్. వెనక కాళ్లు బలహీనపడ్డ కుక్కకు అది రోజంతా జారుడు బండ. అది తిరిగే దారిలో యోగా మ్యాట్లు, రబ్బరు షీట్లు, ఏదీ లేకపోతే గోనె పట్టాలు పరచండి. పాదాల మధ్య పెరిగిన వెంట్రుకలు, గోళ్లు కత్తిరించండి. ఆ సాయంత్రం నుంచే తేడా తెలిసే పని ఇది.

డిస్క్ జారినప్పుడు గడియారం చూసుకోవాలి

పైన కీళ్లనొప్పి గురించి చెప్పినవాటికి తీరిక ఉంటుంది. డిస్క్‌కు ఉండదు. కుక్క నిన్న గెంతింది, ఇవాళ వెనక కాళ్లు ఈడుస్తోంది, మూత్రం పోయడం లేదు అంటే అదే రోజు డాక్టర్ చూడాలి. ఆయన కాలివేలిని గట్టిగా నొక్కి కుక్క తల తిప్పి చూస్తుందా, అరుస్తుందా అని పరీక్షిస్తారు. ఆ లోతైన నొప్పి ఇంకా తెలుస్తుంటే, సర్జరీ చేస్తే పదింటిలో తొమ్మిది దాకా మళ్లీ నడుస్తాయి. అది పోతే అవకాశం సగానికి దగ్గరగా పడిపోతుంది, గంటలు గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంది. ఇక్కడ 'ముందు నాలుగు సిట్టింగ్‌లు సూదులు చేయించి చూద్దాం' అనడం ఆ అవకాశాన్ని చేజార్చుకోవడమే.

మరి సూదులు ఎప్పుడు? కుక్క ఇంకా నడుస్తోంది, నొప్పి, కొద్దిపాటి తూలడం మాత్రమే ఉంటే డాక్టర్లు సర్జరీ లేకుండా ముందు నాలుగు వారాల పాటు బోనులో పూర్తి విశ్రాంతి, నొప్పి మందులు చెబుతారు. దాంతో పాటు ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ జోడించొచ్చు. సర్జరీ అయ్యాక కోలుకునే దశలోనూ జోడించొచ్చు. సర్జరీ, దానికి ముందు కావలసిన ఎంఆర్‌ఐ ఖర్చు భరించలేని కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి, వాళ్లను తప్పుపట్టలేం. అలాంటప్పుడు విశ్రాంతి, మందులు, మూత్రం చేత్తో నొక్కి తీయించడం, ఎలక్ట్రో ఆక్యుపంక్చర్, ఫిజియో కలిపి చేయడం ఊరకే చూస్తూ కూర్చోవడం కన్నా ఎంతో మేలు. విశ్రాంతిని మాత్రం సూదులతో భర్తీ చేయలేరు. నొప్పి తగ్గిందని బోను తలుపు తీస్తే డిస్క్ ఇంకా జారుతుంది. సూదులు బాగా పనిచేసిన కుక్కలోనే ఈ ప్రమాదం ఎక్కువ.

డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు తర్వాత కండరాలు అదరడానికి, కాళ్లు పడిపోవడానికి కూడా మన దగ్గర సూదులు చేస్తున్నారు. అక్కడ ఆధారం బలహీనం. కుక్క తింటూ, ఇబ్బంది పడకుండా ఉంటే ప్రయత్నించడంలో నష్టం లేదు, పెద్ద ఆశలు పెట్టుకోకండి.

పిల్లులు

పన్నెండేళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 శాతంలో కీళ్ల అరుగుదల కనిపించింది. పిల్లి కుంటదు, బీరువా ఎక్కడం మానేస్తుంది, ఒళ్లు నాకడం తగ్గిస్తుంది, ఇసుక ట్రే బయట పోస్తుంది. నొప్పి మాత్రల విషయంలో పిల్లులకున్న ఇరుకు కుక్కలకు లేదు, ముసలి పిల్లుల్లో చాలావాటికి కిడ్నీలు కూడా దెబ్బతిని ఉంటాయి. ఆ లెక్కన సూదులు వీటికే ఎక్కువ అక్కరకు రావాలి. కానీ బుట్టలో పెట్టి ఆటోలో తీసుకెళ్తే రెండు రోజులు మంచం కింద దాక్కునే పిల్లికి వారం వారం ఆ ప్రయాణమే పెద్ద బాధ. ఇంటికి వచ్చి చేసే డాక్టర్ దొరికితేనే పిల్లికి చేయించమంటాను. లేకపోతే ట్రే అంచు తక్కువ చేయడం, సోఫా పక్కన మెట్టు పెట్టడం ముందు చేయండి.

ఎవరి చేత చేయించాలి

మన దేశంలో 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం జంతువులకు వైద్యం చేయాల్సింది నమోదైన పశువైద్యులే. మనుషులకు ఆక్యుపంక్చర్ చేసే వ్యక్తి ఎంత పేరున్నవారైనా మీ కుక్క వెన్ను ఎక్స్‌రే చదవలేరు, ప్లేట్‌లెట్లు చూడరు. కాబట్టి మొదట అడగాల్సింది వెటర్నరీ రిజిస్ట్రేషన్ ఉందా అని, తర్వాత ఆక్యుపంక్చర్ ఎక్కడ నేర్చుకున్నారు అని. ఐవాస్ కోర్సు, ఫ్లోరిడాలోని చీ ఇన్‌స్టిట్యూట్ కోర్సు ఈ రంగంలో ఎక్కువగా వినిపించేవి.

ఫోన్‌లోనే ఇలా అడగండి: "డాక్టర్ గారూ, మా కుక్క రిపోర్టులు ముందు చూస్తారా? ఎన్ని సిట్టింగ్‌ల తర్వాత పనిచేయలేదని మీరు చెప్తారు? ఇప్పుడు వాడుతున్న మాత్రలు ఆపమంటారా?" మొదటిదానికి అవునని, రెండోదానికి ఒక అంకె, మూడోదానికి వద్దని జవాబు రావాలి. అన్ని జబ్బులకూ సూదే మందు అనే చోట, ఇరవై సిట్టింగ్‌ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమనే చోట ఆగకండి. సూదులు కొత్త ప్యాకెట్లోంచి తీయాలి, ఎన్ని గుచ్చారో లెక్కపెట్టి అన్నీ తిరిగి తీశారో చూడాలి. కుక్క విదిలిస్తే రాలిన సూది నోట్లోకి పోవచ్చు. గడ్డ ఉన్నచోట, చర్మం పుండు పడినచోట గుచ్చకూడదు. ఫిట్స్ ఉన్న కుక్కకు, కడుపుతో ఉన్న కుక్కకు ఆ సంగతి ముందే చెప్పాలి.

నాలుగు సిట్టింగ్‌లు, ఒక ఫోన్

మామూలుగా మొదట వారానికి ఒకటి, డిస్క్ కేసుల్లో రెండు చొప్పున చేస్తారు. పనిచేసేదైతే మూడు నాలుగు సిట్టింగ్‌లలో ఏదో ఒక మార్పు రావాలి. ఫీజుకు రానూపోనూ ఖర్చు, మీ సెలవు కూడా కలిపి నాలుగుతో గుణించండి. అది మొదటి లెక్క. పనిచేస్తే ఆ తర్వాత నెలకొకసారైనా చేయిస్తూ ఉండాలి, ఎందుకంటే అరిగిన కీలు తిరిగి రాదు, ప్రభావం కొన్ని వారాలకు తగ్గిపోతుంది. ఏడాది మొత్తం కూడా ముందే వేసుకోండి. విదేశాల్లో ఉన్నవాళ్లు మొదటి సిట్టింగ్‌కు ముందే పెట్ ఇన్సూరెన్స్ పాలసీలో ఇది వస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవాలి.

మొదలుపెట్టే ముందు వారం, మీ కుక్క చేయలేకపోతున్న మూడు పనులు రాసుకోండి. దానికే ప్రత్యేకమైనవి కావాలి: కారులోకి ఎక్కడం, పడక మీద నుంచి ఒక్క ప్రయత్నంలో లేవడం, గేటు దాకా ఆగకుండా నడవడం, ఇలా. వారానికోసారి ఒకే చోట, ఒకే వేళ, ఒకే నేల మీద ఫోన్‌లో వీడియో తీయండి. ఆ నాలుగు వారాలూ మందు, తిండి, నడక వేళలు మార్చకండి, మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. చివరికి ఆ వీడియోలను తేదీలు చెప్పకుండా, వరుస కలిపేసి, ఇంట్లో ఈ వైద్యం సంగతి తెలియని ఎవరికైనా చూపించి ఏది మెరుగ్గా ఉందో చెప్పమనండి. ఇంకా పద్ధతిగా కావాలంటే హెల్సింకి క్రానిక్ పెయిన్ ఇండెక్స్ అనే ప్రశ్నావళి ఉంది, డాక్టర్‌ని అడిగితే ఇస్తారు.

మూడు పనుల్లో కనీసం రెండింటిలో తేడా ఆ మూడో మనిషికి కూడా కనిపిస్తే, మరో నాలుగు చేయించి మధ్య విరామం పెంచుకుంటూ వెళ్లండి. కనిపించకపోతే ఆపేయండి. 'ఇంకో నాలుగు చేస్తే పట్టుకుంటుంది' అన్న మాటకు ఒప్పుకోకుండా, మిగిలిన డబ్బును ఫిజియోకు, రక్తపరీక్షలకు మళ్లించండి. సిట్టింగ్ తర్వాత ఒకరోజు మత్తుగా, కాస్త నొప్పిగా ఉండటం మామూలే. రెండో రోజు కూడా తగ్గకపోయినా, కాళ్లు అంతకుముందు కన్నా బలహీనపడినా తర్వాతి సిట్టింగ్ దాకా ఆగకుండా అదే రోజు చూపించండి.